నార, చేవ, నరం: కణజాలాల మీద రాస్తున్న అమ్మాయికి

అమ్మాయ్,

నీ వ్యాసం వాట్సాప్‌లో 14 ఫోటోలుగా వచ్చింది, 6వ పేజీ రెండుసార్లు పంపావు, 7వది అసలు లేదు, అయినా అందులో ఏటి రాసుంటావో ఊహించేసుకున్నాను ఎందుకంటే అది నీది కాదు కదా, తొమ్మిదో తరగతి పుస్తకానిది. కోప్పడకు. "ఒకే నిర్మాణము, ఒకే విధి గల కణముల సమూహమును కణజాలము అందురు" అని మొదలెట్టావు. ఎవరందురు తల్లీ? మీ గుణుపురంలో అంటారా, మా పర్లాకిమిడిలో అంటారా? గిడుగు రామమూర్తి గారు బళ్లో పంతులుగా పనిచేస్తూ సవరలతో కూర్చుని వాళ్ల భాష నేర్చుకుని, మాట్లాడే తెలుగే రాయండ్రా బాబూ అని పోట్లాడిన ఊళ్లో కూర్చుని నేను ఆ "అందురు" చదవాల్సొచ్చింది.

పైగా ఆ వాక్యం సగమే నిజం. మొక్కలో నీళ్లు మోసే దారువు తీసుకో, అందులో దారుకణాలు, దారునాళాలు, దారునారలు, దారు మృదుకణజాలం అని నాలుగు రకాలున్నాయి, మొదటి మూడూ ఎదిగేసరికి చచ్చిపోతాయి, నాలుగోది మాత్రం బతికుంటుంది. మరి ఒకే నిర్మాణం ఎక్కడ? రకరకాల కణాలైనా ఒక పని కోసం ఒక చోట చేరి ఉంటే అదీ కణజాలమే. పుస్తకం నుంచి ఎత్తి రాస్తే పుస్తకం తప్పు కూడా నీ ఖాతాలోనే పడుతుంది.

సైన్సు తెలుగులో రాస్తే ఎందుకింత చప్పగా వస్తోంది, మాటలు ఎక్కడ వెతుక్కోవాలి అని అడిగావు. చెరువు దగ్గర వెతుక్కో.

నా చిన్నప్పుడు మా అమ్మమ్మోళ్లు కాశీనగరం పక్కన గోగు వేసేవారు. పూత మొదలవగానే కోసి కట్టలు కట్టి చెరువులో ముంచి, పైకి తేలకుండా బరువులు పెట్టి, రెండు వారాలో మూడు వారాలో వదిలేసేవారు, ఆ రోజుల్లో గాలి ఇటు తిరిగిందంటే అన్నం సయించేది కాదు, అంత కంపు. తర్వాత మా మావయ్య నడుంలోతు నీళ్లలో దిగి, ఒక గుప్పెడు కాడలు తీసి మొదళ్లు కర్రతో నాలుగు దెబ్బలు బాది, వదులైన నారని చేతికి చుట్టుకుని ఒక్క గుంజు గుంజేవాడు. నార మొత్తం సర్రున జారి చేతికొచ్చేసేది, తెల్లటి పుల్ల నీళ్ల మీద తేలుకుంటూ పోయేది. ఆ పుల్లల కోసం మేం గుంటలం కొట్టుకునేవాళ్లం.

ఇప్పుడు ఆ చెరువు దగ్గర ఏం జరిగిందో చూడు. కుళ్లి నీళ్లలో కలిసిపోయింది మృదుకణజాలం, పల్చటి గోడల కణాలు, వాటి మధ్య అతుకు పెక్టిన్, బాక్టీరియాకి అదే భోజనం. చేతికొచ్చింది దృఢకణజాలం, అంటే ఆకు వండిన ఆహారాన్ని మోసే పోషక కణజాలంతో కలిసుండే నారపోగులు, గోడలు మందంగా ఉండి లిగ్నిన్ అనే గట్టి పదార్థం పట్టేసి ఉంటాయి కాబట్టి పక్కనున్న మెత్తటివన్నీ కుళ్లినా అవి నిలబడ్డాయి. తేలిపోయిన పుల్ల దారువు, బతికున్నన్నాళ్లూ వేరు నుంచి నీళ్లు మోసింది అదే. మైక్రోస్కోపు లేదు, స్లైడు లేదు, మూడు రకాల కణజాలాల్ని మా మావయ్య విడదీసి పెట్టాడు, నువ్వు 4 పేజీల్లో చెప్పలేనిది.

ఇది పల్లెటూరి గొప్ప అనుకోకు. జంతువుల కణజాలాల్ని మొదటిసారి ఒక పద్ధతిగా వర్గీకరించిన ఫ్రాన్సు డాక్టరు బిషా చేసింది కూడా ఇలాంటి పనే. మైక్రోస్కోపు అంటే ఆయనకి నమ్మకం లేదు. శవాల్లోంచి తీసిన ముక్కల్ని ఉడకబెట్టి, ఎండబెట్టి, కుళ్లబెట్టి, ఆసిడ్‌లో వేసి, ఏది దేన్నుంచి విడిపోతోంది ఏది దేనికి తట్టుకుంటోంది అని చూసి 21 రకాలుగా పంచాడు. 1802లో పోయాడు, అప్పటికి 30 ఏళ్లు. ఇప్పుడు మనం ఒంటిని కప్పే ఉపకళ, కలిపి ఉంచే సంయోజక, కండర, నాడీ అని నాలుగు పెద్ద గుంపులు చెప్పుకుంటున్నాం అనుకో, కానీ తోవ వేసింది ఆయనే. నీ వ్యాసంలో ఆయన పేరు ఒక్క లైనులో వచ్చి పోయింది, కుళ్లబెట్టిన సంగతి లేదు. ఆ సంగతే కదా చదివేవాడిని కూర్చోబెట్టేది!

ఇంకోటి. దారువు, పోషక కణజాలం అని రాసి పక్కన జైలం, ఫ్లోయం అని బ్రాకెట్లు పెట్టావు, నార అని ఒక్కచోట కూడా రాయలేదు, నామోషీ కాబోలు. జైలం, ఫ్లోయం అనే పేర్లు 1858లో నేగెలి అనే స్విస్ వృక్షశాస్త్రజ్ఞుడు పెట్టాడు, గ్రీకులో మొదటి మాటకి మూలం చెక్క, రెండోదానికి మూలం బెరడు. అంతే. ఆయన చెక్క, బెరడు అంటే సైన్సు అయింది, మనం చెక్క, నార అంటే పల్లెటూరి మాట అయిపోయిందా? ఒకసారి నేను రాసిన వ్యాసంలో నార అన్న ప్రతిచోటా ఒక పత్రిక వాళ్లు తంతువులు అని మార్చేశారు, అచ్చులో చూసి మా ఇంటావిడ ఇది మీరే రాశారా అని అడిగింది.

చేవ అన్న మాట చూడు. వడ్రంగి దగ్గరికెళ్లి టేకు దుంగ అడ్డంగా కోస్తుంటే చూస్తే మధ్యలో ముదురు రంగు, చుట్టూ లేత రంగు కనిపిస్తాయి. ఆ ముదురుదే చేవ, తలుపుకీ ద్వారబంధానికీ అదే కావాలి, చుట్టూ ఉన్న తెల్లచెక్కని పురుగు తినేస్తుంది. చేవ ఉన్న మనిషి, చేవ చచ్చిన మనిషి అంటాం కదా, తమాషా ఏటంటే చెట్టులో చేవ ఎప్పుడూ చచ్చిందే. పాతబడి నీళ్లు మొయ్యడం మానేసిన దారువు అది, రంగు పదార్థాలూ జిగురులూ చేరి గట్టిపడిపోయింది. నీళ్లు మోసేది పైనున్న తెల్లచెక్కే. అందుకే నడుమంతా తొర్ర పడిపోయిన చింతచెట్టు కూడా ఏటేటా చిగుళ్లేసి కాపు కాస్తుంది. అదే బెరడుని చుట్టూతా ఉంగరంలా ఒలిచేశావనుకో, చెట్టు మెల్లగా చచ్చిపోతుంది, ఎందుకంటే ఆకు వండిన చక్కెరని వేరుకి దింపే పోషక కణజాలం ఆ బెరడుతో పాటు ఊడొచ్చేస్తుంది, కింద వేరు పస్తులుంటుంది.

"మనకి రక్తనాళాలు ఎలాగో మొక్కకి దారువు, పోషక కణజాలం అలాగ" అని 9వ పేజీలో రాశావే, అది కొట్టెయ్. మన రక్తం ఒక పంపు తోస్తే చుట్టూ తిరిగి అదే చోటికి వస్తుంది. చెట్టులో పంపూ లేదు, తిరిగి రావడమూ లేదు. దారునాళాలు ఖాళీ గొట్టాలు, ఆకుల్లోంచి నీరు ఆవిరైపోతుంటే కింద నుంచి నీటి తీగ పైకి లాగబడుతుంది. పోషక కణజాలం అలా కాదు, దాని గొట్టాల్లో కణాలు బతికే ఉంటాయి గానీ కేంద్రకం ఉండదు, పక్కనుండే సహకణం వాటి సంసారం కూడా నడిపిస్తుంది, చక్కెర నీళ్లు అవసరాన్నిబట్టి పైకీ పోతాయి కిందకీ పోతాయి. మీ కొండల్లో తాటిజాతి జీలుగు చెట్టు కల్లు దించే సవర తాతని అడుగు, గెల కాడ చివర కోసి కుండ కడతాడు, రోజూ కొంచెం కొంచెం చెక్కుతాడు, గెలకి పోవాల్సిన చక్కెర కుండలోకి దిగుతుంది. అది పోషక కణజాలం మోసుకొచ్చిన సరుకు. రాయడానికి నీకు ఇంతకంటే మంచి ఉదాహరణ ఎక్కడ దొరుకుతుంది చెప్పు. తాగమనడం లేదు.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్తాను. చాలా ఏళ్ల కిందట మా ఊరి కొమ్ముపని మీద రాస్తూ, గేదె కొమ్ము ఎముకతో తయారవుతుంది అని దర్జాగా రాసేశాను. అచ్చయ్యాక ఆ పని చేసే ఒక ముసలాయన నన్ను పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకుని, కొమ్ము ముక్కని నిప్పు సెగ మీద అటూ ఇటూ తిప్పి, మెత్తబడ్డాక పట్టుకారుతో వంచి నా చేతిలో పెట్టాడు. కాలిన జుట్టు వాసన. "ఎముకైతే ఇలా వొంగుతాదేటి మాస్టారూ, పెటిలిపోదూ?" అన్నాడు. కొంగ మెడ అలాగే తిరుగుతుంది మరి, పర్లాకిమిడి కొమ్ము కొంగని నువ్వూ చూసే ఉంటావు. కొమ్ము లోపల ఎముక దుంప ఉండే మాట నిజమే, కానీ చెక్కేది పైనున్న తొడుగుని, అది చర్మం పైపొర, అంటే ఉపకళా కణజాలం, కణాలు కెరటిన్ అనే గట్టి ప్రోటీన్ నింపుకుని చచ్చి గట్టిపడితే అయింది, మన గోరూ జుట్టూ గేదె గిట్టా అదే జాతి. ఎముక సంయోజక కణజాలం, లోపల బతికున్న కణాలు, రక్తనాళాలు, చుట్టూ కాల్షియం. జింక కొమ్ములు మాత్రం నిజంగా ఎముకే, ఏటా రాలి మళ్లీ మొలుస్తాయి. కాలిన జుట్టు వాసన రాగానే నాకు తెలియాల్సింది, ముక్కు ఉండీ వాడుకోలేదు.

ఇంతసేపూ వాడుక మాట వాడుక మాట అని ఊదరగొట్టాను కదా, ఒకచోట మాత్రం జాగ్రత్త. నరం. మన తెలుగులో ఈ ఒక్క మాట ఎన్ని కణజాలాల్ని మోస్తోందో లెక్కపెట్టు. సూది మందు ఇవ్వడానికి నర్సు నరం దొరకలేదంటుంది, అది రక్తనాళం, సిర. షుగరు ముదిరి కాళ్లకి తిమ్మిరొస్తే నరాల జబ్బు అంటాం, అది నాడి. పిక్క పట్టేస్తే నరం పట్టేసింది అంటాం, అది కండరం. మడమ బెణికితే నరం సాగింది అంటాం, అది సంధిబంధనం, ఎముకకీ ఎముకకీ మధ్య కట్టు. మాంసంలో పళ్లకి సాగేదీ నరమే, అది చాలాసార్లు స్నాయుబంధనం, కండరాన్ని ఎముకకి కట్టేది. ఇంట్లో ఎలా అన్నా చెల్లుతుంది, రాసేటప్పుడు చెల్లదు. ఇక్కడ పుస్తకం మాటే కావాలి. నార, చేవ లాంటి మాటలు కత్తి అంత పదునుగా ఉన్నాయి కాబట్టి వాడు, నరం మొండి కత్తి, దాన్ని పక్కన పెట్టి స్నాయుబంధనం అనే పొడుగాటి మాటని ఒకసారి చేత్తో ముట్టుకునేలా చూపించి తర్వాత ధైర్యంగా వాడుకో.

ముట్టుకోవడం అంటే, ఆదివారం చికెన్ షాపుకెళ్లి కోడి కాలు ఒకటి అడుగు, ఊరికే ఇస్తాడు. తెగినచోట తెల్లటి తాళ్లు కనిపిస్తాయి, వెనకవైపున్న దాన్ని పట్టుకుని లాగు, వేళ్లు ముడుచుకుంటాయి. చచ్చిన కోడి నీ చెయ్యి పట్టుకున్నట్టుంటుంది, మా చెల్లి ఇప్పటికీ దానికి జడుస్తుంది. అదే స్నాయుబంధనం పని, లాగేది మాత్రం పైన పిక్కలో ఉన్న కండరం. అదే షాపులో మూడు రకాల కండరాలూ దొరుకుతాయి చూసుకో, లెగ్ పీసు మన ఇష్టం మీద కదిలే అస్థికండరం, గుండె అలుపు లేకుండా తనంతట తానే కొట్టుకునే హృదయ కండరం, కందనకాయ నునుపు కండరం, పళ్లు లేని కోడికి గింజలు నూరిపెట్టే మిల్లు. కాళ్ల సూపు చల్లారితే జెల్లీలా గడ్డకడుతుంది కదా, స్నాయుబంధనాల్లోనూ మృదులాస్థిలోనూ ఉన్న కొల్లాజెన్ అనే ప్రోటీన్ ఉడికి జెలటిన్ అవడం వల్ల అది. రక్తం కూడా సంయోజక కణజాలమే అన్న సంగతి నువ్వు రాశావు గానీ ఎందుకో రాయలేదు. కణాలు ఒకదానికొకటి అంటుకోకుండా మధ్యలో బోలెడంత పదార్థం ఉండడం ఆ కుటుంబం లక్షణం, ఎముకలో అది గట్టిది, రక్తంలో అది ప్లాస్మా, రక్తంలో సగానికి పైన అదే. ఇంత చెబితే చాలు.

పత్రరంధ్రాలు, మొక్క పైపొర అయిన త్వచకణజాలం బాగానే రాశావు, ఉల్లిపొర ఒలిచిన ముక్క ఉంచెయ్. కొత్త కణాలు పుట్టించే విభాజ్య కణజాలం దగ్గర మాత్రం నిర్వచనం తీసేసి మామిడిచెట్టుకి కొట్టిన మేకు గురించి రాయి, 20 ఏళ్ల తర్వాత చూసినా మేకు అదే ఎత్తులో ఉంటుంది, చెట్టు ఎదిగేది కొమ్మల కొసల్లో కాబట్టి, మాను లావెక్కేది బెరడు కింద కాబట్టి ఆ మేకుని మింగేస్తుంది కూడా.

7వ పేజీ మళ్లీ పంపు. నాడీ కణజాలం అందులోనే ఉండుంటుంది. నడుం దగ్గర నుంచి కాలి వేలి దాకా మీటరు పొడవు పోయే కణం మనలో ఉందన్న సంగతి రాసేవా లేదా, రాయకపోతే దాన్నే మొదటి వాక్యం చెయ్. వచ్చే వారం గుణుపురం రైలెక్కి ఎలాగూ మీ వేపు వస్తున్నాను, అప్పటికి కోడి కాలు సంగతి తేల్చి ఉంచు.

మీ మాస్టారు
పర్లాకిమిడి