ఇంటి కాపలాకు రివాల్వరా, పిస్టలా?

ప్రశ్న: మాది పలాస దగ్గర ఒక గ్రామం, జీడిపిక్కల వ్యాపారం. సీజనులో రైతులకు చెల్లించడానికి నగదు ఇంట్లో ఉంచక తప్పడం లేదు. గత నెలలో మా వీధి చివరి ఇంట్లో రాత్రిపూట దొంగలు పడ్డారు. ఇంట్లో నేను, నా భార్య, మా అమ్మ, ఎనిమిదేళ్ల మనవడు ఉంటాం. ఆత్మరక్షణకు 9 ఎం.ఎం. పిస్టల్ మంచిదని ఒక మిత్రుడు చెబుతున్నారు. ఏది కొనమంటారు?
– ఒక పాఠకుడు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: మీ మిత్రుడి సలహాను ముందు పక్కన పెట్టండి. 9 ఎం.ఎం. మన దేశంలో నిషిద్ధ బోరు (బోరు అంటే గొట్టం లోపలి వ్యాసం) కిందికి వస్తుంది. అది సైన్యం, పోలీసు వాడే తూటా. దానికి లైసెన్సు ఇచ్చే అధికారం కలెక్టరుకు లేదు, కేంద్ర హోం శాఖకే ఉంది. సాధారణ పౌరుడికి కలెక్టరు ఇవ్వగలిగింది నిషిద్ధం కాని బోరుకు, అంటే ముఖ్యంగా .32, .22 వంటి వాటికి మాత్రమే. విదేశీ రివాల్వర్ల మీద మోజు ఉన్నవారు కూడా కొందరు రాస్తుంటారు. వ్యక్తులు వాటిని దిగుమతి చేసుకోవడం 1980లలోనే ఆగిపోయింది కాబట్టి, ఇప్పుడు చేతులు మారుతున్నవి చాలావరకు పాతవే, ధర మాత్రం విపరీతం.

కాబట్టి మీ ముందున్నది ప్రధానంగా కాన్పూరు, ఈశాపూర్ వంటి ప్రభుత్వ కర్మాగారాల సరుకు. .32 రివాల్వరులో తిరిగే సిలిండరులోని గదుల్లో ఆరు తూటాలు పడతాయి. 2014లో వచ్చిన ‘నిర్భీక్’ అదే .32లో, అరకిలో బరువుతో, అప్పటి లెక్కల్లో 1,22,360 రూపాయల ధరతో వచ్చింది. మహిళల కోసం అని ప్రచారం చేశారు గానీ, ఆ ధరకు మన ఊళ్లలో ఎంతమంది ఆడవాళ్లు కొనగలరన్నది వేరే మాట. 2023లో వచ్చిన ‘ప్రబల్’కు సిలిండరు పక్కకు తెరుచుకుంటుంది, కాబట్టి తూటాలు నింపడం సులువు. .32 పిస్టల్ కావాలంటే ‘అశని’ ఉంది.

రెండింటిలో నన్ను అడిగితే రివాల్వరే అంటాను. తూటా పేలకపోతే ట్రిగ్గరును మళ్లీ నొక్కితే చాలు, తరువాతి గది దానంతటదే ముందుకు వస్తుంది. పిస్టల్‌లో అదే జరిగితే స్లయిడును, అంటే పైన కదిలే భాగాన్ని, వెనక్కి లాగి చెడిన తూటాను బయటికి తీయాలి, నిద్రలోంచి లేచి వణికే చేతులతో ఆ పని చేయడానికి ఎంతో సాధన ఉండాలి. పైగా పిస్టల్ ఖాళీ అయిందని మ్యాగజైన్ (పిడిలో దూర్చే తూటాల పెట్టె) తీసేసి నిశ్చింతగా ఉన్నవారు, బ్యారెల్ గదిలో ఒక తూటా మిగిలి ఉందని మరిచిపోవడం వల్ల జరిగే ప్రమాదాలు తరచుగా వినే కథే. ఇక సముద్రపు గాలి తగిలే మన ప్రాంతంలో ఏ ఆయుధమైనా నెలల తరబడి బీరువాలో వదిలేస్తే తుప్పు పడుతుంది, నూనె రాసి తుడవడం తప్పనిసరి.

కొనడానికి ముందు లైసెన్సు. ఆయుధాల చట్టం 1959, నిబంధనలు 2016 ప్రకారం 21 ఏళ్లు నిండినవారు దరఖాస్తు చేసుకోవచ్చు. వైద్య ధ్రువపత్రం, ఆయుధ భద్రతా శిక్షణ పత్రం, ఆయుధాన్ని భద్రంగా ఉంచుతామన్న హామీ జతచేయాలి. కలెక్టరేటు మెజిస్టీరియల్ సెక్షను దానిని పోలీసు విచారణకు పంపుతుంది. నిజమైన ముప్పు ఉందని చూపడం మీ పని, కనుక నగదు లావాదేవీల లెక్కలు, జీఎస్టీ పత్రాలు, గతంలో బెదిరింపు ఏదైనా వస్తే దాని ఫిర్యాదు నకలు దగ్గర పెట్టుకోండి. వీధిలో దొంగతనం జరిగిందన్న ఒక్క కారణం సాధారణంగా చాలదు. నిరాకరిస్తే కారణాన్ని రాతపూర్వకంగా నమోదు చేయాలి, దానిపై అప్పీలు ఉంది. 2019 సవరణ తరువాత లైసెన్సు గడువు ఐదేళ్లు.

ఇంతా చేసి, మీ పరిస్థితికి చేతి తుపాకి సరైన సాధనమేనా అన్నది నా అసలు సందేహం. భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు ఉన్న సెక్షన్లు ఆత్మరక్షణ హక్కును గుర్తిస్తాయి. సూర్యాస్తమయం తరువాత ఇల్లు పగలగొట్టి చొరబడితే ఆ హక్కు ప్రాణం తీసేదాకా వెళ్లవచ్చు కూడా. కానీ అవసరానికి మించి హాని చేయకూడదన్న షరతు అందులోనే ఉంది, గోడ దూకి పారిపోతున్నవాడి వీపు మీద కాలిస్తే ముద్దాయి మీరే. చీకట్లో దాహానికి లేచిన అమ్మగారిని దొంగ అనుకోవడం ఎంతసేపు? ఎనిమిదేళ్ల మనవడు ఉన్న ఇంట్లో తుపాకీని తాళంలో, తూటాలను వేరే తాళంలో పెట్టాలి. అలా పెట్టాక, తలుపు బద్దలైన రెండు నిమిషాల్లో అది మీ చేతికి అందదు. అందేలా దిండు కింద పెడితే పిల్లవాడికీ అందుతుంది. ఈ చిక్కుకు విప్పు నాకు కనిపించలేదు.

అందువల్ల నగదును వీలైనంత బ్యాంకు దారి పట్టించండి, వెనుక తలుపుకు ఇనుప గ్రిల్లు బిగించండి, గొడ్డు సావిడి వైపు వెలుగు పెట్టండి. ఊరు వెళ్లేటప్పుడు రాష్ట్ర పోలీసుల ఎల్‌హెచ్‌ఎంఎస్ (లాక్డ్ హౌస్ మానిటరింగ్ సిస్టమ్) సేవను అడిగితే తాళం వేసిన ఇంట్లో కెమెరా ఉచితంగా అమర్చి గమనిస్తారు. నగదు సంచితో సంతకు, రైలుకు తిరగక తప్పదనుకుంటేనే రివాల్వరు దరఖాస్తు గురించి ఆలోచించండి.

ప్రశ్న: మా మామగారికి లైసెన్సు ఉన్న డబుల్ బ్యారెల్ తుపాకి ఉండేది. ఆయన పోయి నాలుగు నెలలైంది, అది మా అటక మీదే ఉంది. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, చీపురుపల్లి

జవాబు: లైసెన్సు మనిషితోనే పోతుంది, ఆస్తిలా సంక్రమించదు. ఆలస్యం చేయకుండా లైసెన్సు పుస్తకం, మరణ ధ్రువపత్రం తీసుకుని మీ స్టేషనులో గానీ, లైసెన్సు ఉన్న డీలరు వద్ద గానీ తుపాకీని అప్పగించి రశీదు తీసుకోండి, ముందుగా స్టేషనుకు ఫోను చేసి వారు చెప్పినట్టు తీసుకెళ్లడం మంచిది. తరువాత మీ భర్తగారు వారసుడిగా కొత్త లైసెన్సుకు దరఖాస్తు చేసుకోవచ్చు, మిగిలిన వారసుల నిరభ్యంతర పత్రం కావాలి. ఎవరికీ వద్దనుకుంటే లైసెన్సున్న డీలరుకు అమ్మవచ్చు. అటక మీంచి దింపేటప్పుడు మాత్రం గొట్టాల్లో తూటా ఉందనే అనుకుని, మూతిని ఎవరి వైపూ తిప్పకుండా, అలవాటున్న వారి చేత దింపించండి.