అతుక్కుపోయిన పాత రబ్బరు రెయిన్‌కోటు బాగవుతుందా?

మీరు అడిగినవి రెండు. నాన్నగారి రైల్వే ఉద్యోగం నాటి రబ్బరు కోటు ట్రంకుపెట్టెలో జిగురుజిగురుగా అతుక్కుపోయింది, మళ్లీ వేసుకోవచ్చా అని. ఇంకో కోటు భుజం దగ్గర కారుతోంది, ఏం చెయ్యాలని. మొదటిది ఆశ వదిలేసుకోండి. రెండోదానికి మందుంది.

శ్రీకాకుళంలో మా నాన్నకి గొడుగులు, రెయిన్‌కోట్లు బాగుచేసే కొట్టుండేది, నేనూ అందులోనే పని నేర్చుకున్నాను. కోటు కారుతోందని ఎవరు తెచ్చినా ముందు కుట్లే చూసేవాళ్లం. గుడ్డలోంచి నీళ్లు రావడం తక్కువ, సూది బెజ్జాల్లోంచి రావడమే ఎక్కువ.

ఈ తంటా కోటు పుట్టిన దగ్గర్నుంచీ ఉంది. స్కాట్లండ్‌లోని గ్లాస్గోకి చెందిన చార్లెస్ మాకింటాష్ 1823లో పేటెంటు తీసుకున్నాడు. తారులోంచి తీసిన నాఫ్తా అనే ద్రవంలో రబ్బరు కరిగించి, రెండు గుడ్డల మధ్య పూసి, అంటించేశాడు. సైకిలు పంక్చరుకి వాడే సొల్యూషన్ లేదూ, దాదాపు అదే సరుకు. గుడ్డ నీళ్లని బాగానే ఆపింది. దర్జీలు మామూలు బట్టలాగే కుట్టేసరికి బెజ్జాల్లోంచి నీళ్లు దిగాయి. పైగా చలికి అట్టలా బిగుసుకునేది, ఎండకి జిగురెక్కేది. అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ అనే ఆయన 1839లో రబ్బరుని గంధకంతో వేడిచేసి చూశాకగానీ ఆ బాధ తీరలేదు. గంధకం రబ్బరు పోగుల్ని ఒకదానితో ఒకటి ముడివేస్తుంది. అందుకే ఆ తర్వాతి కోట్లు మన ఎండలకి కూడా తట్టుకున్నాయి. మన దేశంలో ఈ పని పేరెత్తితే కలకత్తా డక్‌బ్యాక్ కంపెనీయే, 1920 నాటిది.

గంధకం వేసిన ఆ ముడులే ఏళ్ల తరబడి వేడికీ గాలికీ తెగిపోతే రబ్బరు మెత్తబడి జిగురవుతుంది. తెగినదాన్ని ఇంట్లో మళ్లీ ముడివెయ్యలేం. టాల్కం పౌడరు చల్లితే చేతికి అంటుకోదు, అంతే. జ్ఞాపకంగా దాచుకోవడానికైతే ఆ మాత్రం చాలు.

భుజం కుట్టుకి మాత్రం ఇలా చెయ్యండి. లోపలివైపు సబ్బునీళ్లతో తుడిచి బాగా ఆరనివ్వండి. ఉప్పు కాగితంతో మెల్లగా రుద్దండి. రబ్బరు పూసిన గుడ్డని వేలెడు వెడల్పు పట్టీగా కత్తిరించి, పట్టీకీ కుట్టుకీ రెంటికీ పల్చగా సొల్యూషన్ రాయండి. తడి మీద అతికించకండి, ఎక్కువమంది తొందరపడేది ఇక్కడే. వేలికి అంటనంతగా ఆరాక అతికించి, గ్లాసుతో గట్టిగా నొక్కి, ఓ రాత్రి వదిలెయ్యండి. పొయ్యి దగ్గర ఈ పని వద్దు, సొల్యూషన్ ఆవిరికి ఇట్టే నిప్పంటుకుంటుంది. మీది ప్లాస్టిక్ కోటైతే ఈ సొల్యూషన్ పట్టదు, దానికి వేరే జిగురు అడగండి.

ఇంకోటి, పొలం పనికి రబ్బరు కోటు కొనకండి. గాలాడక లోపల చెమటతో తడిసిపోతారు. వంగి నాట్లు వేసేవాళ్లకి తాటాకు గిడుగే సుఖం. బండి మీద పలాస, టెక్కలి తిరిగేవాళ్లకే రబ్బరు కోటు. నిగనిగలాడాలని కొబ్బరినూనె రాస్తుంటారు కొందరు. నూనె తగిలితే రబ్బరు ఉబ్బి పాడవుతుంది, అది మానిపించండి.