వేలం పాట పాడే ముందు నాణెం అంచు చూడు

చిరంజీవి అల్లుడికి తిరుపతి నుంచి మామ ఆశీస్సులు.

నువ్వు పంపిన వేలం కేటలాగు ఫోన్‌లో పెద్దది చేసుకుని చూసినాను. వేంకటేశ్వర వరహా అనే పాతకాలపు బంగారు నాణెం చుట్టూ గీసిన ఎర్ర సున్నాతోనే నీ మనసు ఎక్కడుందో తెలిసిపోయింది. ఈ పక్క పుట్టినోడికి ఆ నాణెం మీద ఆశ లేకపోతేనే వింత. చంద్రగిరి నుంచి రాజ్యమేలి 1614లో పోయిన వెంకటపతిరాయల పేరు దానికి ముడిపడి ఉంది. ముందువైపు తోరణం కింద స్వామి నిలబడి ఉంటాడు, వెనుక నాగరి లిపిలో ‘శ్రీ వేంకటేశ్వరాయ నమః’ అని ఉంటుంది. చేతికొస్తే దేవుడి గూట్లో పెట్టుకునే వస్తువు. ఆ సంగతి నకిలీలు పోసేవాడికీ తెలుసు నాయనా.

గాంధీరోడ్డు అంగట్లో తక్కెడ ముందు కూర్చున్న అలవాటు కదా, నేను ముందు తూకం చూస్తాను. వరహా చిటికెన వేలి గోరంతే, కానీ మందంగా ఉంటుంది. సుమారు 3.4 గ్రాములు తూగాలి. అరిగింటే రవ్వంత తగ్గుతుంది, మరీ తేడా ఉంటే ఎందుకని అడుగు. ఆ తర్వాత అంచు. అసలుది సుత్తితో కొట్టి ముద్ర దింపింది. మూసలో పోసినదానికి అంచు చుట్టూ సన్నటి అతుకు గీత కనబడుతుంది, లేదంటే ఆ గీత పోగొట్టడానికి ఆకురాయి పెట్టిన గుర్తులుంటాయి. పది రెట్ల భూతద్దం పెట్టి చూస్తే బొమ్మ చుట్టూ సూది మొనంత గుంటలు దొరుకుతాయి, అవి పోతలో గాలి బుడగలు చేసినవి. గీటురాయి మీద గీసి చూద్దామనే బుద్ధి మాత్రం పుట్టనీయొద్దు. ఆ ఒక్క గీతతో నాణెం ధర పడిపోతుంది.

ఇంకో మెలిక ఉంది. స్వామి ఒక్కడే కాకుండా ఇద్దరు అమ్మవార్లతో ఉండి, వెనుక అక్షరాలు లేకుండా సన్నటి చుక్కలే ఉంటే అది మూడు స్వాముల వరహా. మద్రాసులో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవాళ్లు అచ్చు వేసినారు, 1818లో రూపాయి స్థిరపడే దాకా అక్కడ వరహాల లెక్కే నడిచింది. అదీ మంచి నాణెమే. కానీ దాన్ని రాయలవారిదని చెప్పి అమ్మితే రాయలవారి ధర ఇవ్వబాకు.

ధర అంటే గుర్తొచ్చింది, నువ్వు లక్ష అనుకుంటున్నావు. పాట లక్షకు నీ పేరున ఖాయమైతే నువ్వు కట్టేది లక్ష కాదు. పాట ధర మీద వేలంవాళ్లు అదనంగా వేసుకునే ప్రీమియం ఉంటుంది, ఒక్కొక్కరిది ఒక్కో రేటు. 15 శాతం అనుకుంటే అక్కడికే 1,15,000. జీఎస్టీ, కొరియర్ వేరే. అందుకే మొత్తం ఎంతలో ముగియాలో ముందే కాగితం మీద రాసుకుని, వెనక్కి లెక్కగట్టి పాట ఎక్కడ ఆపాలో తేల్చుకో. ఆ అంకె దాటితే మైకులో వాడు రెండోసారి అన్నా మూడోసారి అన్నా నీకు సంబంధం లేదు. ఎదుటోడు పాడుతున్నాడు కదా, దాంట్లో ఏదో ఉంటుందిలే అని పైకి పోయేవాళ్లను చాలామందిని చూసినాను. ఎదుటోడికీ అదే భ్రమ!

వేలం బయట నీ దగ్గరికొచ్చే సరుకు సంగతి. ఈస్టిండియా కంపెనీ పేరు, 1818 సంవత్సరం, సీతారామలక్ష్మణులు, హనుమంతుడు ఉన్న రాగి బిళ్ల చూపించి లక్షలంటారు. కంపెనీ అలాంటి నాణెం వెయ్యనే లేదు, అవి తర్వాత ఎవరో చేసిన బిళ్లలు. బియ్యం గింజల్ని తనవైపు లాగే మహిమ గల చెంబు అని ఎవడైనా వస్తే గడప దగ్గరే పంపించెయ్. మీ అమ్మ దాచిన ట్రాక్టర్ బొమ్మ అయిదు రూపాయల నోటుకు లక్షలిస్తాం, ముందు ఫీజు కట్టండి అని ఫోన్ వస్తే పెట్టేయమను. అలాంటి ఫీజులు, కమీషన్లు తాము అడగమని రిజర్వు బ్యాంకే 2021లో ప్రకటన ఇచ్చింది.

పొలం దున్నుతుంటే దొరికిందని చెప్పే కుండ నాణేలు చవగ్గా వస్తాయి. ముట్టుకోబాకు. నేలలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలపాలని 1878 చట్టం. అమెరికాలో ఉండే మీ అక్కకూ ఒక వరహా పంపాలన్నావే, అదీ కుదరదు. నూరేళ్లు దాటిన నాణెం పురావస్తువు, 1972 చట్టం ప్రకారం మనబోటివాళ్లు దేశం దాటించకూడదు. కేటలాగు చివర్లో ఉన్న పంచలోహ విగ్రహానికి రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ చూపించకపోతే దాని వైపు చూడొద్దు.

కొన్నాక బిల్లు జాగ్రత్త, దాంట్లో లాట్ నంబరు (కేటలాగులో ఆ వస్తువుకిచ్చిన అంకె), తూకం, ఫోటో ఉండాలి. నాణేన్ని మాత్రం మీ అమ్మ చేతికియ్యబాకు. చింతపండు పెట్టి తళతళలాడేలా తోమేస్తుంది, ఇత్తడి బిందె అయితే సరే గానీ.

నువ్వు గుర్తు పెట్టిన విక్టోరియా రాణి 1840 రూపాయి తేలిగ్గా దొరికేదే. 11.66 గ్రాములుంటే తీసుకో, కానీ పోటీకి పోవద్దు. వరహాకు అంచు ఫోటో, తూకం అడుగుతూ ఈ రోజే మెయిల్ పెట్టు. వేలానికి ముందు సరుకు చూపించే రోజు ఉంటుంది, బెంగళూరే కాబట్టి పొద్దున్నే బస్సెక్కితే రాత్రికి ఇంటికొస్తావు. నా భూతద్దం, చిన్న తక్కెడ పట్టుకుపో. ఫోటో పంపకపోయినా, చేతికిచ్చి చూడనీయకపోయినా ఆ లాట్ వదిలేసి రూపాయి ఒక్కటే పాడు.

ఇట్లు
మామ