మినియేచర్ బేస్‌ల మీద మంచు: వంటసోడా వదిలేయండి, గాలి ఎటు వీచిందో చూసుకోండి

మీరు అడిగింది ఇది: 28 ఎంఎం సైజు ఫిన్లండ్ సైనికుల బొమ్మలు 12కి బేస్‌ల మీద (బొమ్మ నిలబడే కింది బిళ్లల మీద) వంటసోడా, తెల్ల జిగురు కలిపి మంచు వేశారు, ఏడాది తిరక్కుండానే పసుపెక్కింది, పైగా మొదటినుంచీ మంచులా కాక ఉప్పు చల్లినట్టే ఉంది. నాకూ అచ్చం ఇలాగే జరిగింది. మాది విశాఖ, గాలిలో ఎప్పుడూ తేమే. ఒక్క వానాకాలం గడిచాక పక్కన తెల్ల కాగితం పెట్టి చూస్తే నా బేస్‌లు పాత దినపత్రిక రంగులో ఉన్నాయి, గోటితో గీకితే పెచ్చులు పెచ్చులుగా ఊడొచ్చాయి. సోడా నీళ్లలో కరిగే పదార్థం, జిగురు ఎంత పట్టించినా తేమ నుంచి దాన్ని పూర్తిగా కాపాడలేం. అందుకే నేను సోడా జోలికి వెళ్లడం మానేశాను.

ఇప్పుడు వాడేది గాజు మైక్రోబెలూన్లు. లోపల బోలుగా ఉండే గాజు పూసలు, విడిగా కంటికి ఆనవు, మొత్తంగా తెల్లటి పొడిలా ఉంటాయి. రేడియో కంట్రోల్ విమానాలు తయారుచేసేవాళ్లు ఎపాక్సీ జిగురులో కలుపుకోవడానికి కొంటారు, వాళ్లకి సరుకు అమ్మే దుకాణాల్లో అడిగితే దొరుకుతుంది. అరచేతిలో పోసుకుంటే బరువే తెలీదు, చిన్న ఊపిరికే లేచిపోతుంది. అదే దీంతో ప్రమాదం కూడా. ఫ్యాన్ ఆపి, ఎన్95 మాస్కు పెట్టుకుని, పిల్లలు లేని గదిలో మాత్రమే డబ్బా మూత తీయండి. ఊపిరితిత్తుల విషయం కాబట్టి దయచేసి బద్ధకించకండి.

తెల్ల జిగురు రెండు చెంచాలు, తెల్ల యాక్రిలిక్ రంగు ఒక చెంచా తీసుకుని, అందులో ఈ పొడి కొంచెం కొంచెంగా వేస్తూ కలపండి. దోసెల పిండిలా జారితే చాలదు, గారెల పిండిలా పుల్ల మీద నిలబడాలి. తర్వాత సూది మొన మీద పట్టేంత నీలం రంగు వేయండి. తెల్ల బట్టలకి నీలిమందు పెడతారే, అదే సంగతి, ఆ కాస్త నీలంతో తెలుపు ఇంకా తెల్లగా కనిపిస్తుంది. ఎక్కువైతే మాత్రం ఐస్‌క్రీమ్‌లా తయారవుతుంది.

అయితే నా అనుభవంలో పదార్థం కంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది, చాలామంది బేస్ అంతా ఒకే మందంలో పూసేసి అక్కడే దెబ్బతింటారు. మంచు గాలితో కొట్టుకొచ్చి పడుతుంది, కాబట్టి పూయడానికి ముందే గాలి ఎటునుంచి వీచిందో అనుకోండి, 12 బేస్‌లకీ అదే దిక్కు ఉంచండి. రాయికో, మొద్దుకో గాలి తగలని చాటున వాలుగా పేరుకుంటుంది, ఎదురుగాలి తగిలే మిట్ట మీద పలచబడి కింద నేల కనిపిస్తుంది. నేను ఒక బేస్ మీద చిన్న కొమ్మ ముక్క అంటించి దాని కుడివైపు మాత్రమే ముద్ద పెట్టాను, ఎడమవైపు గోధుమరంగు మట్టి, రెండు ఎండు గడ్డి పోచలు అలాగే వదిలేశాను. అదొక్కటే చూసి మిగతావన్నీ మళ్లీ చేయాలనిపించింది, చేశాను కూడా.

మందం దగ్గర చిన్న లెక్క చూసుకోండి. 28 ఎంఎం బొమ్మని 1/56 స్కేల్ (అసలు సైజులో 56వ వంతు) అనుకుంటే అర మీటరు మంచు సుమారు 9 మిల్లీమీటర్లు అవుతుంది. అంత ఎత్తుని ముద్దతోనే నింపితే ఆరేటప్పుడు కుంచించుకుపోయి పగుళ్లిస్తుంది, కాబట్టి కింద కార్క్ ముక్కలో థర్మోకోలో పెట్టి పైన మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్లు పూయండి. థర్మోకోల్ పెడితే సూపర్ గ్లూ తగలనివ్వకండి, తినేస్తుంది. బూటుని మంచు పైన నిలబెట్టకుండా చుట్టూ ముద్దని పుల్లతో నొక్కి అది దిగబడినట్టు చేయండి, వెనక రెండు అడుగుల గుర్తులు వేయండి. తడిగా ఉన్నప్పుడే పొడి మైక్రోబెలూన్లు టీ వడగట్టే జల్లెడతో పలచగా చల్లి వదిలేయండి. ఆ పైపొర వల్లే అప్పుడే కురిసినట్టు ఉంటుంది. వానాకాలంలో రెండు రాత్రులైనా ఆరనివ్వాలి.

మీవాళ్లు ఫిన్లండ్‌వాళ్లు అన్నారు కాబట్టి ఇంకో మాట. సోవియట్ యూనియన్‌తో వాళ్లు చేసిన శీతాకాల యుద్ధం 1939 నవంబర్ 30న మొదలై 1940 మార్చి 13న ముగిసింది, చలి మైనస్ 40 దాకా వెళ్లిన రోజులున్నాయి. అంత చలిలో మంచు కరగదు, కాబట్టి అంచులకి తడిగా మెరిసే వార్నిష్ వద్దు. వసంతం బురద చూపించేటప్పుడైతే అదే వార్నిష్ చాలా బాగుంటుంది. ఇంకా వాళ్లు మంచులో కలిసిపోవడానికి తెల్ల ముసుగు దుస్తులు వేసుకునేవాళ్లు. బేస్ కూడా అదే తెలుపైతే టేబుల్ మీద బొమ్మే కనపడదు. దుస్తులకి కాస్త గోధుమ కలిసిన తెలుపు, మంచుకి నీలం కలిసిన తెలుపు వాడండి, ఒక నల్లటి పైన్ మొద్దు ముక్క పెడితే కన్ను అక్కడ ఆగి బొమ్మ మీదకి వెళ్తుంది.

మెరుపు లేని మ్యాట్ వార్నిష్ బొమ్మకి ముందే కొట్టేసుకోండి, మంచు వేయడం ఆ తర్వాత. నేను ఒకసారి మంచు మీద స్ప్రే చేస్తే పైన చల్లిన పొడి కొంత ఎగిరిపోయింది, మిగిలింది సుద్దలా చచ్చిపడింది.

పసుపెక్కిన 12 బేస్‌లూ పారేయక్కర్లేదు. ప్లాస్టిక్ బేస్‌లైతే గోరువెచ్చటి నీళ్లు మంచు వరకే తగిలేలా అరగంట ఉంచి పాత టూత్‌బ్రష్‌తో మెల్లగా రుద్దండి, జిగురు మెత్తబడి సోడాతో సహా వచ్చేస్తుంది. ఎండీఎఫ్ (చెక్కపొడి అదిమి చేసిన పలక) బేస్‌లైతే నీళ్లలో పెట్టకండి, ఉబ్బిపోతాయి. వాటిని తడి దూదితో కొంచెం కొంచెంగా మెత్తబరచి చెక్క పుల్లతో గీకేయండి.