తుపుక్కున ఊసేసేవాళ్ల మాట నమ్మకండి

"వేరే దేశంవాళ్ల సంప్రదాయ మిఠాయి ఏదైనా తిన్నారా, ఎలా ఉంది, కొనుక్కోమంటారా?" అని కదా ప్రశ్న. తిన్నాను. ఫిన్లాండ్‌వాళ్ల సల్మియాక్కి, అంటే ఉప్పగా ఉండే నల్లటి అతిమధురం బిళ్ల. కొనుక్కోండి, కానీ ఫోన్ కెమెరా ముందు పెట్టుకుని మాత్రం తినకండి. ఎందుకో చెప్తాను, కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

ఉద్యోగం మీద ఫిన్లాండ్‌లోని టాంపెరె ఊళ్లో ఉన్నప్పటి సంగతి. అక్కడి ఆఫీసుల్లో కాఫీ టైమ్ అంటే కాఫీ టైమే, చేతిలో ఎంత పనున్నా లేచి వెళ్లాల్సిందే. ఆ పూట మా టీమ్‌లో రిటైర్మెంట్‌కి దగ్గర పడ్డ ఒకావిడ స్వెటర్ జేబులోంచి చిన్న అట్టపెట్టె తీసి, మూత తెరిచి, నా వైపు చాపింది. ఒక్క మాట లేదు. వాళ్లు మామూలుగానే మాటలు పొదుపుగా వాడతారనుకోండి, కానీ బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా కప్పులు కింద పెట్టేసి మరీ నా మొహంలోకి చూడటం మొదలెట్టేసరికి ఇందులో ఏదో తిరకాసు ఉందని అర్థమైంది.

లోపల డైమండ్ ఆకారంలో వేలిగోరంత నల్లటి బిళ్లలు. ఒకటి తీసి నోట్లో వేసుకున్నాను. ముందు ఉప్పు. కూరల్లో వేసుకునే ఉప్పు రుచి కాదు, నాలుక అంచులు పట్టుకుని లోపలికి గుంజే ఉప్పు. దాని వెనకాలే అమోనియా గుప్పుమని ముక్కుకెక్కింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. ఊసేద్దామంటే అందరి కళ్లూ నా మీదే. నమిలితే ఇంకేం ముంచుకొస్తుందో అని భయం. చేసేదేంలేక దాన్ని ఈ దవడ నుంచి ఆ దవడకి తోసుకుంటూ, కిటికీలోంచి మంచు చూస్తున్నట్టు నటిస్తూ కూర్చున్నాను. కాసేపటికి ఉప్పు పలచబడింది, ఘాటు దిగింది, అప్పుడు మొదలైంది అసలు రుచి: అతిమధురం తీపి, నెమ్మదిగా ఊరుతూ గొంతు దాకా దిగింది. చక్కెర తీపి ఇలా రాగానే అలా పోతుంది. ఇది ఆలస్యంగా వచ్చింది, బిళ్ల కరిగిపోయాక కూడా నోరు వదల్లేదు. ఆవిడ ఏమనుకుందో ఏమో, పెట్టె మళ్లీ నా వైపు జరిపింది. ఇంకోటి తీసుకున్నాను. సాయంత్రం అద్దంలో చూసుకుంటే నాలుక ఇంకా బూడిద రంగులోనే ఉంది.

దాంట్లో ఏం కలుపుతారంటే, అతిమధురం వేరు సారం, చక్కెర, వాటితో పాటు అమోనియం క్లోరైడ్. అంటే మన పెద్దవాళ్లు నవాసాగరం అనేది, గిన్నెలకి కళాయి వేసేటప్పుడు వాడేది, అదే. వెంటనే ఛీ అనకండి. మీరు తాగే దగ్గు మందు సీసా తిప్పి చదవండి, కఫం కరగడానికి వేసే అమోనియం క్లోరైడ్ పేరు చాలావాటి మీద కనిపిస్తుంది. ఫిన్లాండ్, స్వీడన్ లాంటి నార్డిక్ దేశాల్లో కూడా ఇది మందుల షాపుల్లో దగ్గు బిళ్లగా మొదలైందే. నా లెక్క ప్రకారం జరిగింది ఇది: చలి దేశం, పిల్లలకి ఎప్పుడూ దగ్గు, అమ్మ ఇచ్చిన నల్ల బిళ్ల చప్పరించి చప్పరించి అలవాటైపోయింది, దగ్గు తగ్గినా బిళ్ల మానలేదు. దీనికి నా దగ్గర రుజువేమీ లేదు, అయినా ఇదే నిజమని నాకు గట్టి నమ్మకం.

మొదటిసారి నోట్లో పడగానే ఒళ్లు ఎందుకు జలదరిస్తుందో మాత్రం సైన్సు చెప్పింది. 2023లో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఎమిలీ లీమన్ బృందం, పులుపుని పసిగట్టే ఓటోప్1 అనే ప్రోటీనే అమోనియం క్లోరైడ్‌ని కూడా పట్టేస్తుందని చూపించింది. మామూలు ఎలుకలు అది కలిపిన నీళ్ల దగ్గరికి వెళ్లలేదు, ఆ ప్రోటీన్ లేని ఎలుకలు హాయిగా తాగేశాయి. తీపి, పులుపు, ఉప్పు, చేదు, ఉమామి (మాంసం, పుట్టగొడుగుల్లో తగిలే కమ్మటి రుచి) తర్వాత ఇది ఆరో మౌలిక రుచి కావచ్చన్న చర్చ కూడా అప్పుడే వచ్చింది. అంటే మీ నోరు పుట్టుకతోనే "ఇది వద్దు" అంటుంది. ఫిన్లాండ్ పిల్లలు ఆ మాట దాటేశారు, అంతే.

అందుకే ఈ వీడియోలవాళ్లంటే నాకు ఒళ్లుమంట. పాకెట్ చించడం, నోట్లో వేసుకోవడం, కళ్లు పెద్దవి చేసి "యాక్" అనడం, చెత్తబుట్టలో ఊసెయ్యడం, కింద నవ్వుల ఎమోజీలు. ఎవరికో చిన్నప్పటి నుంచి ఇష్టమైన వస్తువది, మీరు మొదటి రెండు అంకాలు చూసి లేచిపోయి నాటకం బాగాలేదంటున్నారు. మా రూమ్మేట్ తమ్ముడూ ఇదే బాపతు. నేను పెట్టె తెస్తే ఒకటి వేసుకుని, వెంటనే సింకు దగ్గరికి పరుగు. "అన్నా, నిజం చెప్పు, ఇది కలరా ఉండ కాదు కదా?" సరే, నచ్చలేదు, పోనీ అనుకున్నా. కానీ ఆ తర్వాత ఇంటికి ఎవరొచ్చినా సల్మియాక్కి మీద ఉపన్యాసం ఇచ్చేది వాడే! తిన్నది క్షణం, చెప్పేది గంట. కరిగేదాకా నోట్లో ఉంచుకోనివాళ్లకి దాని మీద అభిప్రాయం చెప్పే హక్కు లేదు, ఈ విషయంలో నేను తగ్గను.

ఇంకో రకం ఉన్నారు, కొత్తగా వచ్చినవాళ్లకి ముందే ఏమీ చెప్పకుండా టర్కిష్ పెప్పర్ ఇచ్చేవాళ్లు. పేరు చూసి మోసపోకండి, అది పుట్టింది డెన్మార్క్‌లో, ఇప్పుడు ఫిన్లాండ్ కంపెనీ ఫాజెర్ అమ్ముతోంది. గట్టి బిళ్ల లోపల ఘాటు పొడి ఉంటుంది, కొరికితే ఆ పొడి మొత్తం ఒక్కసారిగా నాలుక మీద పడుతుంది. మొదటిసారి తినేవాడికి అది ఇవ్వడం పైశాచికానందం తప్ప ఇంకేం కాదు. తారు రుచి బిళ్లలు కూడా ఉన్నాయి, పైన్ చెట్ల తారు, పడవలకి పూసేది. పొగ వాసన ఇష్టమైతే ప్రయత్నించండి, నాకైతే నచ్చింది.

సూపర్ మార్కెట్లలో గోడ పొడుగునా డబ్బాలు పెట్టి కిలో లెక్కన విడిగా అమ్ముతారు, చిన్న గరిటెతో కాగితం సంచిలోకి ఎత్తుకోవడమే. శనివారం చూడాలి ఆ సందడి, పిల్లలకి ఆ రోజు మిఠాయి రోజు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది కానీ పక్కన స్వీడన్‌లో ఈ శనివారం అలవాటు వెనకున్న కథ తెలిస్తే మనసు చివుక్కుమంటుంది. 1940ల్లో లుండ్ దగ్గర విపెహోల్మ్ అనే సంస్థలో మానసిక వైకల్యం ఉన్నవాళ్లకి పళ్లకి అంటుకునే టాఫీలు కావాలని తినిపించి, పళ్లు ఎలా పుచ్చుతాయో పరీక్షించారు. తీపి వల్ల పళ్లు పాడవుతాయని అలా తేల్చి, వారానికి ఒకరోజే తినండని జనానికి చెప్పారు. అయినా వద్దనలేనివాళ్ల నోళ్ల మీదా చేసేది ప్రయోగాలు?

సరే, కొనే సంగతి. మొదటిసారి పెద్ద పెట్టె కొనొద్దు, విడిగా అమ్మేచోట మెత్తటి అతిమధురం మిఠాయిలు రెండు, డైమండ్ బిళ్లలు రెండు తీసుకోండి. ముందు మెత్తటిది తినండి, నోటికి అతిమధురం తెలిశాక నల్ల బిళ్ల వేసుకోండి. వేసుకున్నాక కొరకొద్దు, మాట్లాడొద్దు, ముక్కుతో గట్టిగా పీల్చొద్దు. నచ్చింది కదా అని రోజూ పెట్టెలు పెట్టెలు లాగించకండి, అతిమధురంలో ఉండే గ్లైసిరైజిన్ బీపీ పెంచుతుంది, ఒంట్లో పొటాషియం తగ్గిస్తుంది. అది ఎక్కువగా ఉన్న మిఠాయిల మీద బీపీ ఉన్నవాళ్లకి హెచ్చరిక రాయాలని యూరోపియన్ యూనియన్ నిబంధన కూడా ఉంది. గర్భిణులు అసలు దీని జోలికి పోకపోవడమే మంచిది. ఇంట్లో అలాంటివాళ్లు ఉంటే వాళ్లకి ఫాజెర్ నీలం కవరు మిల్క్ చాక్లెట్ పట్టుకెళ్లండి, 1922 నుంచి చేస్తున్నారు, బాగుంటుంది, అంతకు మించి దాని గురించి చెప్పడానికేమీ లేదు.