వంద పౌండ్ల విల్లుకి కొలతలు అడిగిన అల్లుడికి

ఏరా అల్లుడూ,

నీ మెసేజ్ చూశా, గీసి పంపిన బొమ్మ కూడా చూశా. 66 అంగుళాల హికరీ (అమెరికాలో దొరికే ఓ గట్టి కలప) చెక్క, వెడల్పు 1¼, మధ్యలో మందం 1.1 అని పాయింట్లతో సహా రాసేసి "వంద పౌండ్లు వస్తాయా మావయ్యా" అంటున్నావు, అంటే నారి పూర్తిగా లాగడానికి వంద పౌండ్ల బలం పట్టాలని. రావచ్చురా, కానీ నాలుగు రోజులు కొట్టాక అందులో ఎన్ని మిగులుతాయి అన్నది కదా అసలు ప్రశ్న. నువ్వు కొలతలు పెట్టుకున్న వరసే తిరగబడింది. ముందు నీ చెయ్యి ఎంత లాగుతుందో తేలాలి, దాన్నిబట్టి పొడవు, ఆ తర్వాత చెక్కని బట్టి వెడల్పు. మందం అంటావా, దాన్ని కాగితం మీద ముందే ఖాయం చేసుకోకు, చెక్కుతూ పోతే చివర్లో అదే తేలుతుంది.

ఇప్పుడు నీ రికర్వ్ ని (చివర్లు ముందుకి వంపు తిరిగిన విల్లుని) గడ్డం దాకా లాగుతావు, 28 అంగుళాలు వస్తుంది అన్నావు. బరువు విల్లు, అంటే లాగడానికి ఎక్కువ బలం పట్టే విల్లు, కొట్టేవాళ్ళలో చాలామంది చెవి దాకా లాగుతారు, అప్పుడది 30 అవుతుంది, చేతులు పొడుగైతే ఇంకా ఎక్కువే. కాబట్టి ఒక తేలిక విల్లు తీసుకుని, పొడుగు బాణం మీద అంగుళాలు గుర్తుపెట్టుకుని, నువ్వు నిజంగా కొట్టబోయే పద్ధతిలో లాగి, పక్కన ఎవరినైనా చూసి చెప్పమను. ఈ పని చెయ్యకుండా చెక్క మీద రంపం పెట్టావంటే నాకు ఫోన్ చెయ్యకు.

ఇక పొడవు. ఇంగ్లీషు వాళ్ళ యుద్ధపు విల్లే నీ మనసులో ఉంది కదా, ఆ వీడియోలన్నీ చూసే కదా మొదలెట్టావు. మరి వాళ్ళవి ఎంత పొడవుండేవో చూశావా? 1545లో పోర్ట్స్‌మత్ దగ్గర మునిగిపోయిన మేరీ రోజ్ అనే ఇంగ్లీషు యుద్ధ ఓడని 1982లో పైకి తీశారు, అందులో నూటికి పైగా విల్లులు విరక్కుండా దొరికాయి, అన్నీ యూ అనే చెట్టు చెక్కవే. పొడవు సుమారు 1.87 మీటర్ల నుంచి 2.11 మీటర్ల దాకా, అంటే మన లెక్కలో 74 నుంచి 83 అంగుళాలు. వాటి బలం 100 నుంచి 185 పౌండ్లు ఉండొచ్చని అంచనా వేశారు. విల్లులకి వాడే చెక్కల్లో మేలైనది చేతిలో పెట్టుకుని వాళ్ళే 74కి తగ్గలేదు, నువ్వు షాపులో కొన్న హికరీ పలకతో 66లో కానిచ్చేద్దామనుకుంటున్నావు! పిడి దగ్గర కూడా వంగే విల్లు అనుకుంటే, 28 లాగేవాడికి 74 నుంచి 76, 30 లాగేవాడికి 78 పెట్టుకో. ఎక్కువైతే తర్వాత రెండు చివర్లా అర అంగుళం, అంగుళం కోసెయ్యొచ్చు, కొయ్యగానే బరువు కొంచెం పెరుగుతుంది కూడా. పొట్టిగా కోసినదాన్ని మాత్రం సాగదీయలేం.

ఇప్పుడు చెప్పేది నిదానంగా చదువు, కొలతల కిటుకంతా ఇక్కడే ఉంది. వెడల్పు రెట్టింపు చేస్తే బలం రెట్టింపవుతుంది, అంతే, ఒకేలాంటి రెండు విల్లులు పక్కపక్కన కట్టినట్టు. మందం అలా కాదు, బలం మందం ఘనంతో (మందం × మందం × మందం) పెరుగుతుంది. పది శాతం మందం పెంచితే బలం 33 శాతం పెరుగుతుంది, 26 శాతం పెంచితే రెట్టింపే. ఇంకేం మందం పెంచేస్తే పోలా అనిపిస్తుంది, అక్కడే దెబ్బ తింటారు అందరూ. ఎందుకంటే ఒకే వంపు వంచినప్పుడు చెక్క పైపొర ఎంత సాగాలి, లోపలి పొర ఎంత నలగాలి అన్నది మందాన్ని బట్టి పెరుగుతుంది. 26 శాతం మందం పెంచావంటే చెక్క మీద ఒత్తిడి కూడా అంతే పెరిగినట్టు, వెడల్పు పెంచితే ఆ బాధ లేదు. అందుకే 50 పౌండ్ల విల్లు కొలతలు తీసుకుని మందం మాత్రం పెంచి 100 చేద్దామంటే కుదరదు, పొడవైనా పెరగాలి, వెడల్పైనా పెరగాలి, ఎక్కువసార్లు రెండూ పెరగాలి.

ఇదే లెక్క ఇంకో వైపు నుంచి కూడా చూడు. మధ్యలో 25 మిల్లీమీటర్లు ఉన్నచోట ఒక్క మిల్లీమీటర్ తీస్తే అక్కడి బిగువు 11, 12 శాతం పోతుంది. చివర్ల దగ్గర 15 ఉన్నచోట అదే ఒక్క మిల్లీమీటర్ తీస్తే దాదాపు 19 శాతం. నువ్వు 1.1 అని రాసుకున్నావే, ఒకే చెట్టులోంచి కోసిన రెండు పలకలకి కూడా ఆ అంకె ఒకటి కాదురా.

చెక్క సంగతి. హికరీ సాగడంలో మొనగాడు, బ్యాక్ వైపు, అంటే టార్గెట్ వైపు, అంత తేలిగ్గా విరగదు. బెల్లీ వైపు, అంటే నీ వైపు నలిగే చోట మాత్రం అంత గట్టిది కాదు, లొంగిపోతుంది. నారి తీసినా విల్లు వంగే ఉండిపోతుంది చూడు, సెట్ అంటారు, హికరీకి ఆ జబ్బు ఎక్కువ. యూ విల్లుకి చేసినట్టు బెల్లీని గుండ్రంగా ఎత్తుగా తీశావంటే ఆ శిఖరం మీదున్న కాస్త చెక్కే భారమంతా మొయ్యాలి. అందుకని బెల్లీ చదునుగా ఉంచి అంచులు మాత్రం కాస్త గుండ్రం చెయ్యి, వెడల్పు మధ్యలో 1½ పెట్టు, సగం లింబ్ (పిడికి అటూ ఇటూ ఉండే చెయ్యి) దాకా 1⅜కి తగ్గనివ్వకు, అక్కడి నుంచి చివర అర అంగుళానికి సన్నం చేసుకుంటూ పో. మందం మధ్యలో 1¼తో, చివర ⅝తో మొదలుపెట్టు. ఇవి మొదలుపెట్టే అంకెలే, ఆగే అంకెలు కావు.

ఇంకోటి, నువ్వుండేది హ్యూస్టన్లో, హికరీ గాలిలో తేమని ఇట్టే పీల్చేస్తుంది. చెక్కలో తేమ 8 శాతం దగ్గరుంటే బానే కొడుతుంది, 12 దాటితే తడి గుడ్డే. గ్యారేజీలో పెట్టకు, ఏసీ గదిలో ఉంచు, లేదా పెట్టెలో పాతకాలం బల్బు ఒకటి వెలిగించి కొన్నాళ్ళు ఎండబెట్టు. ఇటు ఓక్లహోమా వైపు ఆసేజ్ ఆరెంజ్ చెట్లకి కొదవ లేదు, ఇనప ముళ్ళతీగ రాకముందు రైతులు పొలాలకి కంచెగా వేసిన చెట్టే అది, నలుగుడుకి బాగా తట్టుకుంటుంది, దానికైతే 1¼, 1⅜ వెడల్పు చాలు. కానీ దుంగలు వంకరటింకరగా ఉంటాయి, మొదటి బరువు విల్లుకి వద్దనే అంటా. పలకే తీసుకో, గ్రెయిన్ (చెక్క నారపోగుల) గీతలు ఈ చివర నుంచి ఆ చివరకి పక్కకి జారకుండా వెళ్ళాలి, మధ్యలో అంచు నుంచి బయటికి పోతే షాపువాడు ఎంత తగ్గించినా కొనొద్దు.

చెక్కేటప్పుడు పుల్లీ, తాడు, వేలాడే కాటా పెట్టుకుని దూరంగా నిలబడి లాగు. నీకు కావలసింది 100 అయితే ఏ దశలోనూ 100 దాటి లాగకు, అది 15 అంగుళాల దగ్గరే 100 చూపిస్తే అక్కడే ఆగి, వంగని చోట గీకి, ఓ పాతిక ముప్పైసార్లు కొంచెం కొంచెం లాగి వదిలి, అప్పుడు మళ్ళీ కాటా చూడు. గీకిన వెంటనే కాటా చూస్తే చెక్కకి ఇంకా ఆ సంగతి తెలిసి ఉండదు. బెల్లీ మీద అడ్డంగా సన్నటి ముడత గీతలు కనిపిస్తే అక్కడ ఎక్కువ వంగుతోందని, అక్కడ మాత్రం ఇక ముట్టుకోకు, మిగతా చోట తియ్యి. అలా తీస్తూ తీస్తూ 85 పౌండ్ల దగ్గర తేలితే 85కే ఒప్పుకో.

అసలు నువ్వు కొట్టేది 45 పౌండ్ల విల్లు. అక్కడి నుంచి 100కి ఒకే దూకుడు వద్దురా, ఇవే కొలతల్లో వెడల్పు 1¼కి తగ్గించి ముందు 65 ఒకటి చెయ్యి, ఓ ఏడాది దాంతో కొట్టు. మేరీ రోజ్ లో దొరికిన అస్థిపంజరాల్లో కొన్నిటికి భుజం ఎముక చివర అతుక్కోకుండానే ఉండిపోయింది, చిన్నప్పటి నుంచి బరువు విల్లులు లాగడం వల్లే కావచ్చని పరిశోధించినవాళ్ళు అన్నారు. నీకేమో ముప్పై దాటింది, పొద్దస్తమానం కంప్యూటర్ ముందు కూర్చునే భుజాలు.

బాణాలు కూడా ఇప్పుడే ఆలోచించుకో. విల్లు పౌండుకి కనీసం పది గ్రెయిన్లు (గ్రెయిన్ అంటే ఇక్కడ బాణం బరువు కొలిచే చిన్న కొలత), అంటే 100 పౌండ్ల విల్లుకి 1000 గ్రెయిన్లు, సుమారు 65 గ్రాములు ఉండాలి. నీ దగ్గరున్న సన్న కార్బన్ బాణాలు దీని మీద పెట్టకు, బాణం లేకుండా ఖాళీ నారి వదిలినంత పని అవుతుంది, విల్లే విరగొచ్చు. పలక కొనేముందు రెండు చివర్ల ఫోటో, అంచు పొడుగూతా ఒక ఫోటో తీసి పంపు, నేను చూశాకే డబ్బులివ్వు.

మీ మావయ్య