బయాప్సీ గాయం మీద తెల్లటి పొర: చీము కాకపోవచ్చు

మీ నాన్నగారికి బుగ్గ లోపల బయాప్సీ (పరీక్ష కోసం చిన్న ముక్క కోసి తీయడం) చేసి నాలుగు రోజులైందనీ, కుట్ల దగ్గర తెల్లగా పేరుకుంటే చీమేమోనని భయంగా ఉందనీ రాశారు. రెండేళ్ల క్రితం నాకు నాలుక పక్కన చేశారండి. నేనూ అద్దం ముందు టార్చి వేసుకుని అదే చూసి హడలిపోయాను.

నోట్లో ఎప్పుడూ తడే కదా, చేతి మీద దెబ్బకు కట్టినట్టు ఎండు పక్కు కట్టదు. తెల్లగానో లేత పసుపుగానో మెత్తటి పొర వస్తుంది. దాన్ని గీకొద్దు, రక్తం వస్తుంది.

నొప్పి మొదటి రెండు మూడు రోజులే ఎక్కువ. డాక్టర్ రాసిన మాత్రలు చాలు, సొంతంగా ఆస్పిరిన్ మాత్రం వేయకండి. గోరువెచ్చని నీళ్లలో అర చెంచా ఉప్పు కలిపి, తిన్నాక నోట్లో పోసుకుని తల అటూ ఇటూ వంచి వదిలేయమనండి, గట్టిగా పుక్కిలించొద్దు. పెరుగన్నం, చల్లారిన రాగి జావ హాయిగా దిగుతాయి. నోరు చప్పబడిందని నేను మూడో రోజే చింతకాయ పచ్చడి నాకాను, కళ్లమ్మట నీళ్లే.

గాయం మామూలుగా ఒకటి రెండు వారాల్లో మానుతుంది, షుగర్ ఉంటే ఆలస్యం కావచ్చు. కరిగే కుట్లో, తీయించుకోవాల్సినవో అడగండి. గుట్కా, చుట్ట అలవాటుంటే ఇప్పుడే ఆపించండి.

నొప్పి తగ్గినట్టే తగ్గి మళ్లీ పెరిగినా, జ్వరం, వాపు, దుర్వాసన ఉన్నా డాక్టర్‌కు చూపించండి. రక్తం వస్తే శుభ్రమైన గాజ్ గుడ్డ (కట్టు కట్టే పల్చటి నూలు గుడ్డ) మడిచి 20 నిమిషాలు కదపకుండా నొక్కిపట్టండి. అప్పటికీ ఆగకపోతే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. గాయం మానిపోయినా సరే, రిపోర్టు తెచ్చుకోవడం మాత్రం మానొద్దు.